నువ్వు క్రిస్టియనా? చెప్పనే లేదే!

మొన్నొక రోజు ఆఫీసులో లంచ్ టైంలో జరిగిన సంగతి. మామూలుగా ఆఫీసులో అయితే భోజనానికి ముందు ప్రార్థన కళ్ళు తెరిచే, లోపల్లోపల కానిచ్చేస్తాను. ఆరోజు ఎందుకో పరధ్యానంలో ఇంట్లో లాగా కళ్ళు మూసేసుకున్నాను. తెరిచేసరికి ఎదురుగా ఉన్న మిత్రుడు పెరుగన్నం స్పూను గాల్లోనే ఆపి నన్నే చూస్తున్నాడు.

"ఏంట్రా, నువ్వు క్రిస్టియనా?"

"అవును."

"రెండేళ్ళ నుంచీ పక్కపక్కన కూర్చుంటున్నాం. చెప్పనే లేదే!"

"నువ్వు అడగలేదుగా" అని నవ్వేశాను. వాడూ నవ్వేశాడు. అక్కడితో అయిపోయింది.

అదే వారం శనివారం బెంగుళూరు నుంచి హిందూపురం వెళ్ళే రైల్లో ఉన్నాను. ఒక పెద్దాయన బోగీ అంతా తిరుగుతూ కరపత్రాలు పంచుతున్నాడు. ఆయన అటు వెళ్ళగానే నా పక్క సీటాయన కరపత్రాన్ని మడిచి కిటికీ సందులో పెట్టి, "వీళ్ళింతేనండీ. ఎక్కడ కూర్చున్నా అదే గోల" అన్నాడు నాతో. నేనెవరో ఆయనకి తెలీదు కదా. ఊరికే తలూపాను. (ఆ తలూపినందుకు ఇంటికెళ్ళేదాకా నన్ను నేనే తిట్టుకున్నాననుకోండి, అది వేరే సంగతి.)

ఒకే వారంలో రెండు ఫిర్యాదులు. ఒకరిది "ఎందుకు చెప్పలేదు" అని, ఇంకొకరిది "ఎందుకు చెప్తారు" అని. రెండింటికీ నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు మనం చేసే పని తెలుసుగా, పాత లాగ్ ఫైళ్ళు తిరగేయడం. అందుకని మా ప్రాంతంలో ఈ 'చెప్పడం' అనే పని ఎప్పుడు మొదలైంది, ఎవరు ఎవరికి చెప్పారు, చెప్పినందుకు ఎవరికి ఎంత ఖర్చయింది అని చూసుకుంటూ వెళ్ళాను. దొరికిందే ఇదంతా.

మాది హిందూపురం. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. మా ఊరి నుంచి పొద్దున్నే బయల్దేరితే లేపాక్షి వీరభద్రుణ్ణి, పెనుకొండలో జైనుల పార్శ్వనాథుణ్ణి, అక్కడే బాబయ్య దర్గాని, షేర్ ఖాన్ మసీదుని, అటు నుంచి పుట్టపర్తిని చూసుకుని రాత్రి భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు. దేవుడి గురించి బయటికి మాట్లాడటం మావాళ్ళకి కొత్త కాదు అని చెప్పడానికే ఈ లిస్టు. అయ్యప్ప మాల వేసుకున్నవాడు ఎవరికీ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, ఆ నల్ల బట్టలే చెప్తాయి. మా అమ్మ నుదుట బొట్టు లేకపోవడమూ అలాంటిదే. ఆమె ధర్మవరం చీరలు కొనడానికి అంగట్లో అడుగు పెట్టగానే, నోరు విప్పకముందే ఆమె మతం అందరికీ తెలిసిపోతుంది. మగవాళ్ళకి ఆ ఇబ్బంది లేదు. దాక్కోవడం మాకు సులువు.

ఇక చరిత్రలోకి వద్దాం. 1565లో రాక్షసి తంగడి యుద్ధం పోయాక విజయనగర రాజధాని పెనుకొండకి మారింది. ఆ తర్వాత వెంకటపతిరాయలు చంద్రగిరికి మార్చాడు. 1598లో జెస్యూట్ ఫాదరీలు చంద్రగిరికి వచ్చి ఆయన్ని కలిస్తే, చర్చి కట్టుకోవడానికి ఆయన ఒప్పుకున్నాడు. రాయలకి పోర్చుగీసు వాళ్ళతో పనులున్నాయి, ఫాదరీలకి రాయలతో పనుంది. ఇది రాజుకి చెప్పడం అన్నమాట. పై నుంచి ఒప్పిస్తే కిందకి అదే దిగుతుందనే పద్ధతి. (మన భాషలో చెప్పాలంటే సీఈవోకి ప్రెజెంటేషన్ ఇవ్వడం.) కొన్నేళ్ళు నడిచి ఆగిపోయింది. రాజు మారలేదు, రాజ్యమే పోయింది.

మా వైపు నిజంగా వేళ్ళూనింది వందేళ్ళ తర్వాత వచ్చిన ఫ్రెంచి జెస్యూట్ల కర్ణాటక మిషన్. 1700 ప్రాంతంలో మొదలై పుంగనూరు, చిక్కబళ్ళాపురం, అనంతపురం సీమలోని కృష్ణాపురం దాకా పాకింది. ఇందులో లె గాక్ అనే ఫాదరీ చిక్కబళ్ళాపురం నుంచి 1709లో రాసిన ఉత్తరం లాంటివి ప్యారిస్‌లో అచ్చయ్యాయి. మా ఊళ్ళ పేర్లు ఫ్రెంచి స్పెల్లింగులో చదువుతుంటే భలే తమాషాగా ఉంటుంది. వీళ్ళు సన్యాసుల్లాగా కాషాయం కట్టారు, మాంసం మానేశారు, తెలుగు నేర్చుకున్నారు. కులం కట్టుబాట్ల జోలికి మాత్రం వెళ్ళలేదు. పెద్దకులాల వాళ్ళు తమ మాట వినాలంటే అదొక్కటే దారి అనుకున్నారు.

1715 ప్రాంతంలో అనంతపురం సీమలోని మదిగుబ్బలో కొన్ని రెడ్డి కుటుంబాలు క్రైస్తవం తీసుకున్నాయి. అక్కడి నుంచి ఆలమూరు లాంటి ఊళ్ళలోని వాళ్ళ బంధువులకి పాకింది. ఇక్కడ నాకు ఆసక్తిగా అనిపించిందేంటంటే, ఫాదరీల ఉత్తరాల్లో ఫాదరీలే హీరోలు. కానీ పటం ముందేసుకుని చూస్తే అది పాకిన దారి బంధుత్వాల దారి. అల్లుడు మామకి, ఆడపడుచు వదినకి, వియ్యంకుడు వియ్యంకుడికి. పెళ్ళిళ్ళలో, పొలం గట్ల మీద, ఎద్దుల బేరాల్లో జరిగిన మాటలవి. ఇద్దరు ముగ్గురు ఫాదరీలు ఒక జిల్లా అంత ప్రాంతాన్ని చూసుకుంటున్నప్పుడు రోజూ మాట్లాడింది వాళ్ళు కాదు కదా, మాట్లాడితే చుట్టాలే మాట్లాడాలి.

ఆ తర్వాతి దశాబ్దాల్లో ఈ కుటుంబాల్లో చాలామంది అనంతపురం సీమ వదిలేసి గుంటూరు వైపు వలసపోయారు. యుద్ధాలు, దోపిడీలు, కరువులు, అయినవాళ్ళ వ్యతిరేకత, ఇలా కారణం ఒక్కటి కాదు. గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లోని పాత క్యాథలిక్ రెడ్డి కుటుంబాలు చాలావరకు తమ మూలాలు అనంతపురం సీమలో ఉన్నాయని చెప్పుకునేది ఇందుకే. ఫిరంగిపురం, రెంటచింతల, ఓలేరు వైపు మీకు స్నేహితులుంటే అడిగి చూడండి, ఏ తాతో ముత్తాతో ఎడ్లబండి కట్టుకుని వచ్చిన కథ ఒకటి బయటికొస్తుంది.

వాళ్ళు చెప్పినందుకు ఊరు వదిలారు, అది చిన్న ఖర్చు కాదు. కానీ ఒకటి గమనించండి. బండి కట్టుకుని, పశువులు తోలుకుని, కొత్త చోట భూమి సంపాదించుకోగలిగిన వాళ్ళకే అలా ఊరు వదలడం కుదురుతుంది. మతం మారినా కులం పోలేదు, ఇంటిపేరు పోలేదు, ఆ కులంతో వచ్చే గౌరవమూ పోలేదు. ఈ సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

1800లో నిజాం మా సీమని కంపెనీ వాళ్ళకి ధారాదత్తం చేశాడు. అందుకే దత్తమండలం అన్నారు. 1800 నుంచి 1807 దాకా దానికి ప్రిన్సిపల్ కలెక్టర్ థామస్ మన్రో. మంత్రాలయం కథలోనూ, తిరుమలలో మన్రో గంగాళం కథలోనూ వచ్చే మన్రోనే. 1810లో జాన్ హ్యాండ్స్ అనే లండన్ మిషనరీ బళ్ళారిలో మిషన్ పెట్టాడు. అప్పటికి కంపెనీకి మిషనరీలంటే పెద్దగా ఇష్టం లేదు, వ్యాపారానికి అడ్డమని భయం. 1813 చార్టర్ చట్టంతో గానీ వాళ్ళకి దారి సరిగ్గా తెరుచుకోలేదు. ఇప్పటి అనంతపురం ప్రాంతమంతా అప్పట్లో బళ్ళారి జిల్లా కిందే ఉండేది. 1882లో గానీ అనంతపురం విడిగా జిల్లా కాలేదు.

మన్రో తర్వాత 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. 1822లో ఆయన ముందుకొక ఫైలు వచ్చింది. బళ్ళారి జిల్లా సబ్ కలెక్టరొకాయన ఉత్సాహం కొద్దీ తన మతం గురించి అక్కడి జనానికి చెప్తున్నాడు, పుస్తకాలు పంచుతున్నాడు. ఆయన ఉద్దేశం చెడ్డదని మన్రో అనలేదు. కానీ ఇది కుదరదని రాశాడు. స్థూలంగా ఆయన వాదన ఇది. నువ్వు శిస్తు వసూలు చేసేవాడివి, ఉద్యోగం ఇచ్చేవాడివి, తీసేసేవాడివి. నువ్వు పుస్తకం చేతికిస్తే అవతలివాడు పుచ్చుకునేది ఇష్టంతోనో భయంతోనో నీకెలా తెలుస్తుంది?

ఇది చదివి నేను కాసేపు కుర్చీలో వెనక్కి వాలిపోయాను. ఎందుకంటే రెండొందల ఏళ్ళ తర్వాత కూడా ఇదే ప్రశ్న మన ఆఫీసుల్లో తిరుగుతోంది. అప్రైజల్ రాసే మేనేజరు తన టీముకి పొద్దున్నే వాక్యం ఫార్వర్డ్ చేస్తే? లేదా తన గురువుగారి సత్సంగానికి అందరినీ పిలిస్తే? చెప్పేవాడి మనసు ఎంత మంచిదైనా, వినేవాడికి "వద్దు సార్" అనే వీలు లేకపోతే అది సాక్ష్యం కాదు, సర్క్యులర్. నా మతం వాళ్ళు చేసినా ఇదే మాట. వారానికోసారి ఎవరో ఒకరు తిరుపతి లడ్డూ తెచ్చి టేబుల్ మీద పెడతారు. తినేవాళ్ళు తింటారు, మానేవాళ్ళు మానతారు. నేనైతే తింటాను. మా చర్చిలోనే కొందరు ముట్టరు. పౌలు కాలం నుంచీ తెగని వాదన అది. ఏదైనా ఆ లడ్డూ వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు, తినకపోతే ఎవరి ఇంక్రిమెంటూ ఆగదు కాబట్టి. మన్రో దొర ఫైలంతా చివరికి ఈ ఒక్క తేడా గురించే.

19వ శతాబ్దంలో కథ తలకిందులైంది. ఇప్పుడు చెప్పేవాళ్ళు కలెక్టర్లు కాదు, రెడ్లు కాదు. మాలవాడ, మాదిగవాడ మనుషులు. దీనికి బాగా తెలిసిన ఉదాహరణ మా సీమ పక్కనే, ఒంగోలు వైపు ఉంది. యర్రగుంట్ల పేరయ్య అని తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ ఆయన 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. తోళ్ళ బేరం కోసం ఏ ఊళ్ళు తిరిగేవాడో ఆ ఊళ్ళలోనే, ఆ చుట్టాల మధ్యే, తాను నమ్మింది చెప్పుకుంటూ పోయాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌకి అంత పేరు రావడానికి ముందు ఆ పల్లెల్లో దారి వేసింది ఆయన లాంటి వాళ్ళు. 1876-78 కరువు మా బళ్ళారి, అనంతపురం, కర్నూలు సీమల్ని కూడా పీల్చి పిప్పి చేసింది. ఆ కరువు చివర్లో, 1878 జులై 3న, ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు క్లౌ బృందం వాళ్ళు. కరువు గంజి కోసం మారారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. కరువు పనులు నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశానని క్లౌ తన రాతల్లో చెప్పుకున్నాడు. నాకు మాత్రం గంజి కన్నా ఆ తర్వాత జరిగింది ముఖ్యం అనిపిస్తుంది.

కొత్తగా చేరినవాళ్ళకి పెట్టిన మొదటి నియమాలు మూడు. ఆదివారం పని చేయొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. బయటికి భక్తి నియమాల్లాగే ఉన్నాయి కదా? కానీ ఊళ్ళో ఒక మాదిగ ఆయన ఈ మూడూ పాటిస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఆదివారం రానంటే ఆసామి పొలంలో పని ఆగుతుంది. జాతరకి డప్పు కొట్టనంటే జాతరే ఆగుతుంది. చచ్చిన గొడ్డు విషయంలో తరతరాల ఏర్పాటు తప్పుతుంది. అంటే ఆ మనిషి "నేను క్రైస్తవుణ్ణి" అని నోటితో చెప్పక్కర్లేదు, ఒక ఆదివారం ఇంట్లో కూర్చుంటే చాలు, ఊరందరికీ చెప్పినట్టే. దానికి జవాబు కూడా ఊరే ఇచ్చేది. పని ఇవ్వకపోవడం, దారి మూసేయడం, నీళ్ళు ఆపేయడం, కొట్టడం. వీళ్ళకి మదిగుబ్బ రెడ్లలాగా బండి కట్టుకుని ఇంకో ఊరు పోయే వీల్లేదు. కట్టడానికి బండి లేదు.

మా వైపు కూడా 19వ శతాబ్దం చివర నుంచి లండన్ మిషన్ గుత్తి, అనంతపురాల్లో, సిలోన్ అండ్ ఇండియా జనరల్ మిషన్ హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో పనిచేశాయి. మిషనరీలు వచ్చారు, పోయారు. మా ఇళ్ళలో గుర్తున్నది వాళ్ళ పేర్లు కాదు. "మీ జేజి నాయన మొట్టమొదట జాతరకు పోనన్యాడు" అనే ఒక్క వాక్యం. మా జేజి అదొక్కటే పదేపదే చెప్పేది, మా వంశంలో స్వాతంత్ర్య పోరాటం అదే అన్నట్టు.

ఈ విషయాన్ని బాగా అర్థం చేసుకున్నవాడు దోర్నకల్ బిషప్పు అజరయ్య. 1912లో బిషప్పయ్యాడు, ఆంగ్లికన్ చర్చిలో మొట్టమొదటి భారతీయ బిషప్పు ఆయనే. తెలుగువాడు కాదు, తిరునల్వేలి నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ళ చేత ఆయన ఒక పని చేయించేవాడు. తమ చెయ్యి తమ తల మీదే పెట్టుకుని, తాను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణని, సువార్త చెప్పకపోతే తనకి శ్రమ అని గట్టిగా పలకాలి. ఊహించుకోండి. అప్పటిదాకా ఊళ్ళో గొంతెత్తే హక్కే లేని కూలీ. అతని చేత "నువ్వు చెప్పాలి, నీకు చెప్పడం వచ్చు" అనిపించడం. అందులో మతం ఎంతుందో మనిషి నిటారుగా నిలబడటం కూడా అంతుంది.

అదే కాలంలో గాంధీగారు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా మాట్లాడుతున్నారు. 1930లలో మిషనరీలతో వాదిస్తూ ఆయన తరచు వాడిన పోలిక గులాబీ. గులాబీ తన గురించి ఉపన్యాసం ఇవ్వదు, వాసన దానంతటదే వస్తుంది, మతమూ అలాగే ఉండాలి అని. నాకు ఈ పోలిక చాలా ఇష్టం, అబద్ధం చెప్పను. మా జిల్లాలోనే దీనికి బతికున్న ఉదాహరణలా ఒకాయన ఉండేవాడు, విన్సెంట్ ఫెర్రర్. స్పెయిన్ నుంచి జెస్యూట్‌గా 1952లో ఇండియా వచ్చాడు. 1968లో మహారాష్ట్ర నుంచి పంపించేశారు. మళ్ళీ తిరిగొచ్చి 1969లో అనంతపురం చేరి ఆర్డీటీ పెట్టాడు. తర్వాత ఫాదరీ పదవి కూడా వదిలేసుకున్నాడు. ఇళ్ళు, బళ్ళు, చెక్ డ్యాములు, ధర్మవరం పక్కన బత్తలపల్లిలో ఆసుపత్రి. 2009లో పోయాక ఆయన్ని సమాధి చేసింది కూడా ఆ బత్తలపల్లిలోనే. మతం గురించి ఆయన మాట్లాడటం మావాళ్ళెవరూ వినలేదు. కానీ జిల్లాలో ఏ పల్లెలో అడిగినా ఆయన ఫోటో ఉన్న ఇల్లు చూపిస్తారు.

మరి అజరయ్య కరెక్టా, గాంధీగారు కరెక్టా? చాలా రోజులు నేను గాంధీగారి వైపే ఉన్నాను, ఎందుకంటే అది సౌకర్యం కూడా. మాట్లాడక్కర్లేదు కదా! కానీ గులాబీకి ఒక సౌలభ్యం ఉంది, అది ఎక్కడున్నా గులాబీ అని అందరూ ఒప్పుకుంటారు. వెలివాడలో పుట్టినవాడి వాసన గురించి ఊరికి ముందే ఒక అభిప్రాయం ఉంటుంది. అతను నోరు తెరిచి చెప్పకపోతే, ఊరు అతని గురించి చెప్పేదే ఖాయమైపోతుంది. ఫెర్రర్ మౌనంగా ఉంటే అది గొప్పతనం. మా జేజి నాయన మౌనంగా ఉంటే అది మామూలే.

1948 డిసెంబరులో ఇదే వాదన రాజ్యాంగ సభకి చేరింది. మతాన్ని నమ్మే, ఆచరించే హక్కుతో పాటు 'ప్రచారం చేసుకునే' హక్కు కూడా రాయాలా అని. లోకనాథ్ మిశ్రా లాంటి వాళ్ళు వద్దన్నారు. టి.టి. కృష్ణమాచారి లేచి, తాను 14 ఏళ్ళు క్రైస్తవ విద్యాసంస్థల్లో చదివానని, తనని మార్చడానికి ఎవరూ ప్రయత్నించలేదని చెప్పాడు. మున్షీ కూడా ఆ మాట ఉండాలన్నాడు. అలా 25వ అధికరణంలోకి ఆ మాట వచ్చింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు దానికి హద్దు గీసింది. నీ మతం గురించి చెప్పుకునే హక్కు ఉంది గానీ, ఇంకొకరిని మార్చే హక్కు అందులో లేదు అని. 2007లో మన రాష్ట్రంలోనే ఒక మతం పుణ్యక్షేత్రాల్లో ఇంకో మతం ప్రచారం చేయకూడదని చట్టం వచ్చింది. నా వరకు నాకు ఇందులో పెద్ద అభ్యంతరం లేదు. వేరేవాళ్ళ గుడి మెట్ల మీద నిలబడి చెప్పేది ఎలాగూ ఎవరి చెవికీ ఎక్కదు.

అసలు ముడి ఇంకోచోట ఉంది. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన ఏడాదే, 1950 ఆగస్టు 10న, షెడ్యూల్డు కులాల ఉత్తర్వు వచ్చింది. అందులో మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని, ముస్లింల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకి 1970లో బీసీ-సి అని ఒక శాతం ఇచ్చారు. రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ షరతు తీసేయమని 2007లో రిపోర్టిచ్చింది. ఇదే విషయం చూడటానికి 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారినవాళ్ళు ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద రక్షణ కోరలేరని తీర్పిచ్చింది.

అంటే లెక్క ఇలా తేలింది. నోటితో చెప్పుకునే హక్కు 25వ అధికరణం ఇచ్చింది. కాగితం మీద చెప్తే ధర ఎంతో 1950 ఉత్తర్వు రాసింది. ఆ ధర కూడా అందరికీ ఒకటే కాదు. మదిగుబ్బ రెడ్ల వారసుడు ఈరోజు "నేను క్రైస్తవుణ్ణి" అని ఫారంలో రాస్తే ఏమీ పోదు, ముందూ ఓసీనే, తర్వాతా ఓసీనే. మా జేజి నాయన వారసుడు రాస్తే సీటు పోతుంది, ఉద్యోగం పోతుంది, కేసు పెట్టుకునే వీలు కూడా పోతుంది. కులం మాత్రం ఎక్కడికీ పోదు. ఇల్లు అద్దెకి అడిగినప్పుడు మళ్ళీ కనిపిస్తుంది.

జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 2001లో 1.55 శాతం, 2011లో 1.34 శాతం. ఆదివారం పొద్దున ఏ టౌన్లో అయినా బైకు మీద ఒక రౌండు కొట్టినవాడెవడూ ఈ అంకెని నమ్మడు. కొందరు దీన్ని మోసం అంటారు. మా ఇంట్లో జరిగింది చెప్తాను, మోసమో కాదో మీరే చూడండి.

మా నాన్న, మా చిన్నాన్న ఇద్దరూ ఒకే చర్చిలో పెరిగారు. కాలేజీలో చేరేటప్పుడు ఫారంలో మతం అన్న చోట నాన్న 'క్రైస్తవం' అని రాశాడు. "దేవుని ముందర ఒక పేరు, సర్కారు ముందర ఒక పేరు ఎందుకప్పా" అనేది ఆయన వాదన. రెండేళ్ళ తర్వాత చిన్నాన్న 'హిందూ' అని రాశాడు. నాన్నకి బీసీ-సి సర్టిఫికెట్టు, చిన్నాన్నకి ఎస్సీ సర్టిఫికెట్టు. ఒకే తల్లి, ఒకే తండ్రి, రెండు కులాలు! (ఇలాంటి డేటాబేస్ మనం డిజైన్ చేస్తే రివ్యూలో తిట్టి పంపిస్తారు.) చిన్నాన్నకి ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. నాన్న ముప్పై ఏళ్ళు హిందూపురంలో బట్టల కొట్లో లెక్కలు రాశాడు. నా ఇంజనీరింగ్ ఫీజులో సగం కట్టింది చిన్నాన్నే.

ఆయన ఇప్పటికీ చర్చికి వస్తాడు. ఎప్పుడూ వెనక వరసలో, తలుపు పక్కన కూర్చుంటాడు. సాక్ష్యాలు చెప్పే టైంలో ఎవరైనా లేచి "ప్రభువుని ఒప్పుకోవడానికి సిగ్గుపడకూడదు" అంటే ఆయన తల కిందికి దిగిపోవడం నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. మా నాన్న ఒక్కసారి కూడా ఆ మాట చర్చిలో చెప్పలేదు. చెప్పే అర్హత ఉన్న మనిషి ఆయనొక్కడే అని నాకు ఇప్పుడు అర్థమవుతోంది, అందుకే చెప్పలేదేమో.

ధైర్యంగా చెప్పడం గొప్ప అని మా పాస్టర్లు అంటారు. చెప్పకుండా ఉండటం మర్యాద అని ఆఫీసులో అంటారు. ఇద్దరూ అడగని ప్రశ్న, దాని బిల్లు ఎవరి పేరు మీద వస్తోంది అని. నేను రెండేళ్ళు లంచ్ టేబుల్ దగ్గర కళ్ళు మూసుకోకపోవడానికి చట్టం కారణం కాదు. నాకు పోయేదేమీ లేదు, ప్రైవేటు ఉద్యోగం, బీసీ-సి సర్టిఫికెట్టు కూడా ఎక్కడో బీరువాలో ఉంది. క్రైస్తవుడంటే తర్వాతి ప్రశ్న "ఒరిజినల్‌గా మీరేంట్లు?" అని వస్తుందని నాకు తెలుసు, అదీ కారణం. నేను దాచింది మతం కాదన్నమాట.

నిన్న లంచ్‌లో మా మిత్రుడికి ఈ కథంతా చెప్పాను, మదిగుబ్బ నుంచి మా చిన్నాన్న దాకా. వాడిది గుంటూరు వైపు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మా ఊళ్ళో కూడా ఒక పాత చర్చి ఉందిరా, ఎప్పుడూ లోపలికెళ్ళి చూళ్ళేదు" అన్నాడు. అంతే.

ఇవాళ డబ్బా తెరిచి కళ్ళు మూసుకున్నాను. తెరిచేదాకా వాడు తినకుండా ఆగాడు.